నీలం వాండా అని కొంటే మూడేండ్లకు ఇది పూసింది. ఏం పువ్వో చెప్పండి

కడప_కుండీలు
మే 9, ఉదయం 7:10

అందరికీ నమస్తే. మూడేండ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ఆర్కిడ్ మొక్క తెప్పిచ్చుకుంటి. ‘వాండా సెరూలియా, నీలం’ అని ప్లాస్టిక్ చీటీ మీద మార్కర్‌తో రాసి, వేరుకు కట్టి పంపినాడు. పన్నెండు వందలు. ఇంట్లో మూడు వందలని చెప్పినా. మా ఇంటాయన ఇట్లాంటివి చదవడు, ఆ ధైర్యంతోనే ఇక్కడ నిజం రాస్తాన్నా.

చెక్కబుట్టలో నాలుగు పెద్ద బొగ్గులేసి మిద్దె మీద షేడ్‌నెట్ కింద వేలాడగట్టినా. పొద్దున ఒకసారి, ఎండాకాలమైతే సాయంత్రం కూడా నీళ్ళు చిలకరిస్తా. మూడేండ్లూ ఆకులూ వేర్లే. పోయిన నెల ఆకు సందులోంచి ఒక కొస బయటికొస్తే ఇంకో వేరనుకుని పట్టించుకోలా. వారం తర్వాత చూస్తే దానికి గింజల్లాగా బుడిపెలు. మొగ్గలు! ఆ రోజు బడికి అరగంట లేటు.

నిన్న తెల్లారి మొదటి పువ్వు విచ్చుకుంది. చూస్తే నీలం యాడుంది? పండిన నిమ్మకాయ రంగు మీద గోధుమరంగు గళ్ళు, మా నాయన కట్టే లుంగీ మాదిరి. వెనకపక్క తెలుపు. నడుమ నాలుకలాగా సాగిన రేక ఒక్కటే ఊదా. వాసన మాత్రం బలే ఉంది. ఫొటోలు మూడు పెట్టినా. నేను మోసపోయినానా, లేక రంగు ఇంకా తేలాల్నా?

బొగ్గులబుట్ట (కర్నూలు)
మే 9, ఉదయం 8:02

ముందు శుభాకాంక్షలు అక్కా. కడప ఎండలో వాండా పూయించడమంటే మాటలు కాదు.

సెరూలియా అయితే కాదు. అది ఫొటో తెరవంగానే తెలిసిపోయింది. మరి ఏదో చెప్పాలంటే ఈ ఫొటోలు చాలవు. అందరూ పువ్వు ముఖం ఒక్కటే తీస్తారు, పెళ్ళిచూపుల ఫొటోలాగ. నాకు పక్కనుంచి కావాలి. నాలుక వెనక కొమ్ములాగా చిన్న సంచి ఉంటుంది, అది ఎంత పొడవో, ఎట్ల తిరిగిందో కనపడాలి. స్కేలు పెట్టి పువ్వు అడ్డం కొలవండి. ఆకు కొసది దగ్గరనుంచి ఒకటి. పువ్వు మాత్రం తెంపొద్దు.

గాలివేర్లు (అనంతపురం)
మే 9, ఉదయం 9:45

అంత తొందరగా తీర్పు ఇచ్చేస్తే ఎట్లన్నా? వాండా పువ్వు విచ్చుకున్న రోజే పూర్తి రంగు రాదు. నా దగ్గరున్న నీలం హైబ్రిడ్ మొదటిరోజు చాకలి ఉతికిన పాతచొక్కా మాదిరి ఉంటుంది, నాలుగోరోజుకు గానీ రంగెక్కదు. పువ్వు సైజు కూడా పెరుగుతుంది. నాలుగు రోజులు ఆగండి అక్కా.

కడప_కుండీలు
మే 9, రాత్రి 8:30

కొలిచినా. పువ్వు అడ్డం నాలుగున్నర సెంటీమీటర్లు. కాడ దాదాపు ఇరవై, ఏడు మొగ్గల్లో రెండు విచ్చుకున్నాయి. వెనక కొమ్ము చిన్నది, అర సెంటీమీటరు పైన ఉంటుందేమో, మొద్దుగా ఉంది. ఆకు పదిహేడు పొడవు, ఒకటిన్నర వెడల్పు, నడిమికి మడిచి దోనె చేసినట్టు ఉంటుంది.

ఆకుల కొసలు ఎలక కొరికినట్టున్నాయి. మొదటి నుంచీ అంతే. ఎలకల మందు కూడా పెట్టినా రెండుసార్లు!

ఇంకోటి. మొగ్గలో ఉన్నప్పుడు నాలుక పైపక్క ఉండె. ఇప్పుడు కిందికొచ్చింది. నేను బుట్ట తిప్పలేదు.

పాతమాస్టారు (అనంతపురం)
మే 9, రాత్రి 9:50

అమ్మా, ఎలకల మందు తీసేయండి, పాపం వాటి తప్పేం లేదు. ఆ కొస అలాగే పుడుతుంది. వృక్షశాస్త్రంలో కూడా దాన్ని ‘కొరికినట్టున్న కొస’ అనే వర్ణిస్తారు. మీ ఫొటోలో చూస్తే ఎగుడుదిగుడుగా మూడు పళ్ళు కనిపిస్తున్నాయి. ఇదీ ఒక ఆధారమే. పువ్వు లేనప్పుడు కూడా చూడగలిగేది.

నాలుక సంగతి: ఆర్కిడ్ పువ్వుకు మూడు రక్షక పత్రాలు, మూడు ఆకర్షణ పత్రాలు. ఆ రెండో మూడింటిలో ఒకటి రూపం మార్చుకుని పెదవి అవుతుంది. మొగ్గలో అది పైన ఉంటుంది. విచ్చుకునే ముందు పువ్వు తొడిమ మెలి తిరిగి దాన్ని కిందికి తెస్తుంది, వచ్చే పురుగు దిగడానికి అరుగు కావాలి కదా. మెలి ఇప్పటికీ కనిపిస్తుంది, తొడిమ మీద గీతలు చూడండి.

ఇక పేరు. మీరు చెప్పిన కొలతలు, గళ్ళు, తెల్లటి వెనకభాగం, ఊదా పెదవి, పొట్టి మొద్దు కొమ్ము, దోనె ఆకు, మూడు పళ్ళ కొస, వాసన, మే నెల. ఇవన్నీ ఒకచోట కలిసేది వాండా టెసెల్లాటాలోనే. గచ్చు మీద పరిచే పలకల గళ్ళకు లాటిన్‌లో ఆ మాట. సెరూలియా పువ్వు దీనికి దాదాపు రెండింతలు ఉంటుంది, పైగా వానలు వెనకబట్టాక పూస్తుంది, వాసన పెద్దగా ఉండదు, దాని పెదవి పువ్వుతో పోలిస్తే చాలా చిన్నది.

బైపీసీ చదివినవాళ్ళందరూ ఈ మొక్కను ఎరుగుదురు. వెలామిన్ వేర్లు, అంటే నీళ్ళు పీల్చే పొర ఉన్న గాలివేర్లు, ‘ఉదా: వాండా’. ముప్పై ఏళ్ళు ఆ ముక్క బోర్డు మీద రాశాను. పిల్లలు రెండు మార్కులు తెచ్చుకున్నారు. ఒక్కరూ మొక్క చూడలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు చూశాను.

కొత్తచిగురు (ఆదోని)
మే 9, రాత్రి 10:15

సార్, నేనూ రాసినా ఆ రెండు మార్కులు 😀 తెల్ల వేరు మీద నీళ్ళు పడగానే ఆకుపచ్చగా మారేది అదేనా?

పాతమాస్టారు
మే 9, రాత్రి 10:22

అదే నాయనా. ఎండినప్పుడు ఆ పొర కణాల్లో గాలి ఉంటుంది కాబట్టి వెండిలా తెల్లగా కనిపిస్తుంది. నీళ్ళు పీల్చగానే లోపలి పచ్చదనం బయటపడుతుంది. నీళ్ళు చాలాయా లేదా అని మొక్కను వేరే అడగక్కర్లేదు.

గాలివేర్లు
మే 10, ఉదయం 6:55

సార్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. టెసెల్లాటా రక్తం ఉంది, అది కనపడతానే ఉంది. అయితే మొక్క శుద్ధమైన జాతే అని ఎట్ల చెప్తారు? టెసెల్లాటాతో కలిపి చేసిన హైబ్రిడ్లు కుప్పలు. మిమీ పామర్ అనేది ఒకటుంది, దానికీ గళ్ళే, ఊదా పెదవే, వాసన కూడా. అంగట్లో దొరికేవన్నీ అట్లాంటివే. ఊరికే అడవి జాతి అనుకుని సంతోషపడొద్దు.

బొగ్గులబుట్ట
మే 10, ఉదయం 7:30

అడగాల్సిన ప్రశ్నే. ఆ మిమీ పామర్ నా దగ్గర ఉంది, ఫొటో పెట్టినా చూడండి. దాని రేకులు గుండ్రంగా, నిండుగా, చదునుగా ఉంటాయి. హైబ్రిడ్లు చేసేవాళ్ళు వెతికేదే అది, రేకుకూ రేకుకూ మధ్య సందు కనపడకూడదని. అక్క పువ్వులో చూడు, రేకు మొదట్లో సన్నగా మొదలై కొసకు వెడల్పు అయింది, అంచు అలలుగా ఉంది, సందుల్లోంచి వెనక గోడ కనపడతాంది. మనుషులెవరూ దిద్దని ముఖం అది.

అక్కా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. మూడు ఎండాకాలాల్లో ఎప్పుడన్నా మొక్క నీరసపడిందా?

కడప_కుండీలు
మే 10, ఉదయం 8:05

లేదు తమ్ముడూ. నిరుడు మేలో మా మిద్దె మీద కరివేపాకు కూడా మాడిపోయె. ఇది మాత్రం కొత్త వేర్లు రెండు వదిలింది. నా చేతి గుణం అనుకుంటి.

బొగ్గులబుట్ట
మే 10, ఉదయం 8:20

చేతి గుణమే కాదనను. కానీ అప్పుడే మనకు అనుమానం రావాల్సింది.

నా కథ చెప్తా. అసలైన సెరూలియా, సీసాలో విత్తనం మొలకెత్తించి పెంచిన పిల్లలు, బిల్లుతో సహా రెండు కొన్నా. అది మేఘాలయ ఖాసీ కొండలు, మణిపూర్, ఆ పక్క బర్మా కొండల్లో, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల అటూ ఇటూ ఎత్తులో ఉండేది. పగటి ఎండ కంటే రాత్రి చల్లదనం దానికి ముఖ్యం. కర్నూల్లో మే నెల అర్ధరాత్రి గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. తడిగోనె కట్టినా, కూలర్ పెట్టినా, మా అమ్మ కూలర్ మనుషులకు పెట్టరా అని తిట్టింది. మొదటిది మే 20న పోయింది, రెండోది జూన్ వానలు చూసి పోయింది. అందుకే చెప్తాండా, మన ఊర్లో మూడు ఎండాకాలాలు నవ్వుతా గడిపిన సెరూలియా ఉండదు.

పాతమాస్టారు
మే 10, ఉదయం 10:10

ఆ మొక్క మీ ఇంట్లోనే కాదు నాయనా, చాలామంది చేతుల్లో పోయింది. హూకర్ అనే వృక్షశాస్త్రవేత్త 1850లో ఖాసీ కొండల్లో ఏడుగురు మనుషులు మోసేంత సెరూలియా కోయించి లండన్ క్యూ తోటకు పంపాడు. బతికి చేరినవి ఏవో కొన్నే. ఆ తర్వాత కూడా వ్యాపారులు అడవులు ఊడ్చుకుపోయారు. అందుకే మన 1972 వన్యప్రాణి చట్టంలో రక్షిత మొక్కల జాబితా పెట్టినప్పుడు అందులో దీని పేరు చేరింది. మొదట అది ఆరో షెడ్యూలు, 2022 సవరణ తర్వాత మూడోది. అంటే మీ అమ్మకందారు నిజంగానే అడవి సెరూలియా పంపి ఉంటే మీరు మరో రకం చిక్కులో పడేవారు.

అంగట్లో ‘నీలం వాండా’ అని అమ్మేవి చాలావరకు సెరూలియాను ఫిలిప్పీన్స్ వాండా శాండెరియానాతో కలిపిన సంతతి. 1931లో నమోదైన రోత్‌షిల్డియానా దాని పేరు. అది కూడా మీది కాదు.

మామిడితోట (రైల్వే కోడూరు)
మే 10, మధ్యాహ్నం 1:40

నేను రాయడం తక్కువ, చదివిపోతా ఉంటా. కానీ ఈ ఫొటో చూసినాక నవ్వాగలా. అక్కా, నువ్వు పన్నెండు వందలు పోసింది మా బదనికకు! మా తోటలో పాత బేనిషా చెట్ల మీద రెండు మూడు కొమ్మలకు ఇదే. ఇప్పుడే పోయి ఫొటో తీసుకొచ్చినా, చూడండి. గళ్ళూ అవే, ఊదా నాలుకా అదే. మాది రవ్వంత ఎక్కువ గోధుమరంగు, అంతే.

మా నాయన కాలంనుంచీ చెట్టుకు బదనిక పట్టిందంటే కత్తి తీసుకుని గీకి పారేసేవాళ్ళం, చెట్టు సారం పీలుస్తాదని. పోయినేడు కూడా ఒక మోపు కొట్టి గట్టున పడేస్తి.

పాతమాస్టారు
మే 10, మధ్యాహ్నం 3:05

అయ్యో! కత్తి కాస్త ఆపండి. బదనిక అనే ఒక్క మాట కింద మనవాళ్ళు రెండు వేరువేరు మొక్కలను కట్టేశారు.

ఒకటి నిజంగానే పరాన్నజీవి. మందంగా తోలులాంటి ఆకులు, గొట్టంలాంటి పూలు, పిట్టలు తిని విత్తనాన్ని ఇంకో కొమ్మకు రుద్దిపోతాయి. అది కొమ్మలోపలికి వేరు దించి నీరూ లవణాలూ లాగుతుంది, మామిడిని ఎండబెడుతుంది. దాన్ని కొమ్మతో సహా కోయాల్సిందే.

రెండోది ఈ వాండా. ఇది బెరడును పట్టుకుని కూర్చుంటుంది తప్ప లోపలికి వేరు పంపదు. దీని తిండి వాననీరు, మంచు, దుమ్ము. గోటితో వేరు లేపి చూడండి, కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంటుంది. మీ బేనిషా ఎండితే ఆ పాపం దీనిది కాదు.

తమాషా ఏమిటంటే సంస్కృతంలోనూ ఇదే గందరగోళం. ‘వందా’ అన్నది చెట్టు మీద పుట్టే మొక్క ఏదైనా కావచ్చు. 18వ శతాబ్దం చివర్లో విలియం జోన్స్ ఆ మాటను ఈ ఆర్కిడ్‌కు రాశాడు, అదే వాండా అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దీన్ని కోరమాండల్ మొక్కల్లో వర్ణించి టెసెల్లాటా అన్నాడు. తెలుగు నేల మీద శాస్త్రనామం పొందిన మొక్క, మళ్ళీ తెలుగు నేలకే నీలం పేరుతో పార్శిల్లో వచ్చింది.

మామిడితోట
మే 10, మధ్యాహ్నం 3:40

సారూ, ఎన్ని మోపులు పారేసినానో తలచుకుంటే కడుపు కాలిపోతాంది. ఇంక ముట్టను.

గాలివేర్లు
మే 10, సాయంత్రం 5:15

సరే, ఓడిపోయినా. తోట ఫొటో, అక్క ఫొటో పక్కపక్కన పెట్టి పెద్దది చేసి చూసినా. పెదవి నడిమిన రెండు గట్లు, పక్కన తెల్ల చెవులు, కొస నొక్కి రెండు చీలికలు చేసినట్టు ఉండటం, అన్నీ ఒకటే. శుద్ధ టెసెల్లాటా. హైబ్రిడ్ మాట వాపసు.

అయితే ఇంకో ప్రశ్న పుట్టింది. మొక్క వచ్చినప్పుడు ఎట్లుంది అక్కా? కింది కాండం నేరుగా ఉండెనా, వంకరా? వేర్లకు ఏమన్నా అంటుకుని ఉండెనా?

కడప_కుండీలు
మే 10, రాత్రి 9:20

ఆ పాత ఫొటో వెతికేదానికి ఇంతసేపు పట్టింది. కాండం వంకర. కింద పాత ఆకులు రాలిన మచ్చలు శానా ఉన్నాయి. వేర్లు సగానికి సగం తెగినవి. ఒక వేరుకు అరచెయ్యంత బెరడు ముక్క అంటుకుని ఉంది, దాంట్లో చీమలు. అప్పుడు, ఆహా ఎంత సహజంగా పెంచినారు అనుకుంటి.

గాలివేర్లు
మే 10, రాత్రి 9:35

అదే నేను భయపడింది. పెంచిన మొక్కకు బెరడు రాదు అక్కా. ఎవరో చెట్టునుంచి పీకి అమ్మినారు. నల్లమలో, శేషాచలమో, ఒరిస్సానో, యాడిదో మనకు తెలీదు.

కడప_కుండీలు
మే 10, రాత్రి 10:40

ఇది చదివినాక మనసు బాగలేదు. నీలం రానందుకు కాదు. అడవి మొక్కను దుడ్డిచ్చి పీకించినట్టే కదా. మాకు పాలకొండలు ఎంత దూరం, తీసుకపోయి అక్కడ చెట్టుకు కట్టేద్దామా?

బొగ్గులబుట్ట
మే 10, రాత్రి 10:58

వద్దక్కా. ఏ అడవిదో తెలీకుండా ఇంకో అడవిలో వదిలితే మేలు కంటే కీడే ఎక్కువ. ఆర్కిడ్లకు వైరస్‌లు ఉంటాయి, సింబిడియం మొజాయిక్ అని ఒకటి చాలా మామూలు. నర్సరీల్లో కత్తెర్ల నుంచి, చేతుల నుంచి పాకుతుంది, పైకి కనపడకుండా కూడా ఉంటుంది. అది అడవిలోకి పోతే అక్కడున్నవాటి గతి? మీ దగ్గర సుఖంగా ఉంది, ఉండనీండి. ఇకమీదట కొనేటప్పుడు బెరడు, చీమలు, తెగిన వేర్లు కనపడితే డబ్బులివ్వకుండా వాపసు పంపండి, అంతే మన చేతిలో ఉండేది.

ఒక పని చేయొచ్చు. బుట్ట తీసేసి మీ కాంపౌండులో వేపచెట్టో మామిడిచెట్టో ఉంటే, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే పక్క, నూలు గుడ్డపేలికతో కట్టండి. వానలు మొదలైనాక, ఇప్పుడు కాదు. ఆర్నెల్లకు వేర్లే పట్టుకుంటాయి, పేలిక దానంతటదే కుళ్ళి ఊడిపోతుంది. నైలాన్ దారం వాడొద్దు, కాండాన్ని కోస్తుంది.

గాలివేర్లు
మే 11, ఉదయం 7:00

నీళ్ళు ఏవి పోస్తారు? బోరు నీళ్ళయితే వేర్ల మీద సున్నంలాగ తెల్ల పొర కడతాది. మా అనంతపురం బోరు సంగతి చెప్పనక్కర్లేదు, ఫ్లోరైడు నీళ్ళు. నేను వాననీళ్ళు రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకుంటా, అయిపోయినాక ఏసీ నుంచి కారే నీళ్ళు. ఆర్వో మిషన్ నుంచి పక్కకు పోయే నీళ్ళు మాత్రం పోయొద్దు. లవణాలన్నీ ఉండేది వాటిలోనే.

కడప_కుండీలు
మే 11, సాయంత్రం 6:30

బోరు నీళ్ళే. పొర ఉంది, ముసలితనం అనుకుంటి.

ఇంట్లో ఇంకో గొడవ. మా అత్తమ్మ పువ్వు చూసి, ఇది కీళ్ళనొప్పుల మందు, వేరు కాచి తాగితే మోకాళ్ళు తేలికవుతాయని మా పక్కింటామె చెప్పిందంట. నాలుగు వేర్లు అడుగుతాంది. ఏం చెప్పాల?

పాతమాస్టారు
మే 11, రాత్రి 8:15

వేర్లు దాచేయండి! మాట పూర్తిగా తప్పు కాదు. ఆయుర్వేదంలో రాస్నా అనే మూలిక ఉంది. బెంగాలు వైపు ఈ వాండా వేరునే రాస్నా అంటారు. ఉత్తరాదిన అదే పేరుతో వాడేది ప్లూచియా అనే గుల్మం. మన దక్షిణాదిన అల్లం జాతి దుంప, దుంపరాష్ట్రం. ఒక్క పేరు, మూడు మొక్కలు. మీ ప్లాస్టిక్ చీటీ ఒక్కటే తప్పు రాసిందనుకోకండి. అత్తగారిని వైద్యుడికి చూపించి, ఆయన రాస్తే మందుల అంగట్లో తీసుకోండి. ఈ మొక్కకు ఉన్నవే పది వేర్లు.

కొత్తచిగురు
మే 12, ఉదయం 9:10

అక్కా, పుప్పొడి ముద్దలు తీసి ఇంకో పువ్వుకు అంటిస్తే కాయ కాస్తుందా? విత్తనాలొస్తే నాకూ...

బొగ్గులబుట్ట
మే 12, ఉదయం 9:40

మొదటి పూత మీద కాయ మొయ్యనీయొద్దు తమ్ముడూ, నెలల తరబడి మొక్క సారమంతా దానికే పోతుంది. విత్తనం దుమ్ములాగ ఉంటుంది, దానిలో తిండి నిల్వ ఉండదు. అడవిలో బూజు జాతి ఏదో తోడైతే తప్ప మొలవదు. మట్టిలో చల్లి నీళ్ళు పోస్తే మొలిచేది కాదు, ల్యాబ్ సీసా పని.

కడప_కుండీలు
జూన్ 2, ఉదయం 7:25

చివరి పువ్వు నిన్న వాడింది. మొదటిది ఇరవై రోజులకు దగ్గరగా ఉండె. పాత చీటీ తీసేసి కొత్తది రాసినా: ‘వాండా టెసెల్లాటా, మొదటి పూత మే 8, పుట్టిన చోటు తెలీదు’. వాన పడినాక వేపచెట్టుకు కడతా.

ఇంకో సంగతి. మా ఇంటాయన ఇదంతా మొన్న చదివినాడు. పన్నెండు వందల దగ్గర ఏం అనలేదు. మామిడితోట అన్న గట్టున పడేసిన మోపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అరగంట నవ్వినాడు. ఆ మోపు ధర లెక్క కట్టి అన్నకు పంపమంటాడు.

మామిడితోట
జూన్ 2, ఉదయం 8:00

లెక్క నేనే కట్టుకున్నాలే అక్కా. చెప్పుకుంటే సిగ్గు.

కొత్తచిగురు
జూన్ 3, రాత్రి 9:30

అక్కా, అన్నా, నా దగ్గర కూడా ‘నీలం వాండా’ అని ఒకటుంది. రెండేండ్లయింది, పూయలేదు. ఆకు కొసల ఫొటో పెట్టినా. ఇది ఏదో చెప్పగలరా?

బొగ్గులబుట్ట
జూన్ 3, రాత్రి 9:48

ఫొటో తర్వాత చూస్తా. ముందు ఇది చెప్పు. ఆదోని ఎండలకు మే నెలలో ఎట్లుండె?

కొత్తచిగురు
జూన్ 3, రాత్రి 9:51

బలే ఉండె అన్నా. కొత్త వేర్లు మూడు వచ్చినాయి.

బొగ్గులబుట్ట
జూన్ 3, రాత్రి 9:53

చీటీ మార్చేటప్పుడు పెన్సిల్‌తో రాయి తమ్ముడూ. మార్కర్ ఎండకు పోతుంది.